ఏడో వంతెన మీద రాకుమారి

మళ్ళీ పంజరంలో పడ్డాను. ఎనిమిది రోజులుగా మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే ఆ రాతి రాక్షసుడు రావడం, నన్ను నడుం దగ్గర పట్టుకుని ఎత్తుకుపోవడం, గొలుసుకి వేలాడే ఈ ఇనుప పంజరంలో పారేయడం, నేను కడ్డీలు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడటం మామూలైపోయింది. నేనంటే ఫోన్‌లో ఉన్న రాకుమారి. అసలు నేను టెక్కలిలో మా పుట్టింట్లో, వెనక గదిలో, చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని, గడ్డం కింద దిండు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని ఉన్నాను. ఆ ఇయర్‌ఫోన్లలో మా ఆయన జయకృష్ణ ఊపిరి. పలాసలో వాళ్ళ జీడిపప్పు ఫ్యాక్టరీ మేడ మీద, అన్నం క్యారేజీ పక్కన పెట్టుకుని, ఆయన తన ఫోన్‌లో నా కోసం పరుగెత్తుతున్నాడు. ఎంత బాగుందో! పెళ్ళయి మూడు నెలల పదకొండు రోజులు. అందులో ఈ చివరి పంతొమ్మిది రోజుల్నీ ఆషాఢం మింగేసింది. కొత్త కోడలూ అత్తగారూ ఈ నెలంతా ఒక గడప దాటకూడదట, అందుకని కోడలు పుట్టింటికి రావాలట, అల్లుడు అత్తారింటి వైపు తొంగి చూడకూడదట. మధ్యలో ఉన్నది గంట దూరం, ఒక్క హైవే. అయినా మేం కలుసుకోవాలంటే ఈ ఆటలోకే రావాలి. ఇందులో ఆషాఢం లేదు, అత్తగారు లేరు, ఒంటిగంట నుంచి రెండింటి వరకు మేమిద్దరమే, బావా నేనూ. బావ అంటే మేనరికం అనుకునేరు, కాదు. మా వైపు మొగుణ్ణి అలాగే పిలుస్తాం. ఆ పిలుపు నోట్లో వేసుకుంటే పచ్చి జీడిపప్పులా మెత్తగా ఉంటుంది.

ఆట పేరు ఏడు వంతెనలు. పరుగెత్తాలి, గుంతలు దూకాలి, కదిలే బల్లల మీంచి బల్లల మీదికి గెంతాలి. ఇద్దరు ఆడతారు, ఒకరు వీరుడు, ఒకరు రాకుమారి. మొదటి రోజు నేను వీరుణ్ణి తీసుకుంటానంటే బావ గట్టిగా నవ్వి, “మరి నేనేటి సెయ్యాలి, లంగా ఏసుకుని గెంతాలేటి?” అన్నాడు. సరేలే అని రాకుమారినయ్యాను. తరవాత గదా తెలిసింది. ఈవిడ పరుగెత్తితే ఎవరో చెయ్యి పట్టుకుని పెళ్ళి పీటల దగ్గరికి తీసుకొస్తున్నట్టుంటుంది. పడిపోతే వీరుడు హుమ్మని దుమ్ము దులుపుకుని లేస్తాడు, ఈవిడ రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని “అయ్యో, నాకు భయం!” అంటుంది. మోకాలి మీద గీత కూడా పడదు, అయినా భయం. అంగట్లోకి వెళ్తే వీరుడికి కవచాలూ బూట్లూ కత్తులూ ఉన్నాయి. కవచం తొడిగితే దెబ్బ తగ్గుతుంది, బూట్లు తొడిగితే గెంతు పెరుగుతుంది. నాకు పద్నాలుగు లంగాలు, తొమ్మిది రకాల జడలు. లంగా మారిస్తే ఏమవుతుంది అంటే, లంగా మారుతుంది. అంతే. నేను పద్నాలుగూ వేసి చూశాను, అబద్ధమెందుకు, ముదురాకుపచ్చ లంగా నాకు చాలా నచ్చింది, కానీ దానికో జేబైనా పెట్టలేదు. నడుం మాత్రం పిడికిట్లో పట్టేంత. అంత నడుంలో అన్నం ఎక్కడ పెట్టుకుంటుంది, పేగులెక్కడ పెట్టుకుంటుంది అని నేను డిగ్రీ చదివిన మనిషిలా ఆలోచిస్తుంటే బావ అటు నుంచి, “నీ నడుం గురించి ఆల్లకి తెలవదు లేవే” అన్నాడు, నేను దిండు కొరికి నవ్వాను. ఈవిడకున్న ఒకే ఒక్క విద్య, పైనుంచి దూకితే లంగా గొడుగులా విచ్చుకుని నెమ్మదిగా కిందికి దిగడం. వీరుడు రాయిలా పడతాడు, ఈవిడ దూదిలా దిగుతుంది. ఆ దిగడంతోనే ఆరు వంతెనలు దాటాను నేను. నాలుగింట్లో అయితే ముందు నేనే దాటి, అవతల మీట నొక్కి, బావకి దారిచ్చాను. అంత చేసినా ఏడో వంతెన మొదట్లోనే, ఆడతావా మానతావా అని అడగకుండా, రాక్షసుడు వచ్చి నన్నెత్తుకుపోతాడు. ఇక్కడి నుంచి ఆట అతనొక్కడిదే. నేను ఆడేదాన్ని కాను, గెలుచుకునే బహుమానాన్ని.

పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చారు. ఆ బుట్టా నాకెంతో నచ్చింది. చిన్న మావ మెట్ల దగ్గర “ఓలమ్మో, ఏటి తినీసినావే!” అని మూలిగితే నేను కొబ్బరిబోండం అడ్డం పెట్టుకుని నవ్వాను. తెర తీశాక బావ కళ్ళల్లో జీలకర్ర పడి నీళ్ళు కారుతుంటే అందరూ సంతోషంతో ఏడుస్తున్నాడనుకున్నారు. ఎవరైనా మోసుకెళ్తుంటే సుఖంగానే ఉంటుంది, కాదని ఎవరన్నారు? బావ బండి వెనక కూర్చుంటే ఇంకా సుఖం. సోంపేట దగ్గర వాళ్ళ ఊరి నుంచి బయల్దేరి కొబ్బరితోటల మధ్య ఇసుక దారిలో వెళ్తుంటే, ఆయన వీపుకి చెంప ఆనించి, చొక్కాలో వేగిన జీడిపప్పు వాసన పీలుస్తూ కళ్ళు మూసుకుంటే, ఇక ప్రపంచంలో వేరే బండెందుకు అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే తప్పు జరిగింది. ఆషాఢం వెళ్ళాక సోంపేటలో ఒక స్కూల్లో పిల్లలకి కంప్యూటరు చెప్పడానికి నేను చేరబోతున్నాను. “పొద్దున్న దింపుతాను, సాయంత్రం ఎక్కించుకొత్తాను, నీకు బండెందుకు?” అన్నాడు బావ. మా అత్తగారు కమలకుమారి, “మా వోడు దింపుతాడు” అన్నారు. మా నాన్న గణపతిరావు, అల్లుడుగారు దింపుతారట అని వీధంతా చెప్పుకున్నాడు. అమ్మ మురిసిపోయింది. నేనూ నవ్వాను. ఆ నవ్వునే అందరూ సరే అనుకున్నారు. ఇప్పుడు నా నీలం స్కూటీని అమ్మేస్తున్నారు. సంతబొమ్మాళి నుంచి సూర్యారావు గారని ఒకాయన ఇవాళ రెండింటికి వస్తాడు, కాగితం మీద నేను సంతకం పెట్టాలి, అది నా పేరున ఉన్న బండి గనక. ఆ కాగితం ఫ్రిజ్ మీద, మామిడి తాండ్ర డబ్బా కింద రెపరెపలాడుతోంది. పొద్దున్న నుంచి నాలుగుసార్లు మంచినీళ్ళకని వెళ్ళి నాలుగుసార్లూ దాన్ని చూసి వచ్చాను.

“బావా, ఎక్కడున్నావు?”

“మూడో బల్ల మీద. మాటాడకే, పడిపోతాను.”

పడిపోయాడు. హుమ్మన్నాడు. నాకు ఆయన మీద కోపం రాదు, అదొక జబ్బు. నా స్కూటీ డిగ్రీ రెండో ఏడాదిలో వచ్చింది. దాని మీద కాలేజీకి వెళ్ళిన మొదటి రోజు వానలో తడిసి, పార్వతీశం గారి కిరాణా కొట్టు ముందు జారి, మోచేయి చెక్కుకుపోయి, అయినా లేచి తుడుచుకుని మొదటి పీరియడ్‌కి వెళ్ళాను. నా మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. పరీక్షల రోజుల్లో నలుగురం ముగ్గురు కూర్చోవాల్సిన దాని మీద కూర్చుని, నిజానికి ఇద్దరే కూర్చోవాల్సిన దాని మీద, హాల్‌టికెట్లు నోట్లో కరుచుకుని వెళ్ళాం. నానమ్మకి కళ్ళ ఆపరేషనైతే నేనే తీసుకెళ్ళాను, నేనే తీసుకొచ్చాను, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దారంతా ఆవిడ అందరికీ చెయ్యి ఊపుతూనే ఉంది. బండి అమ్మొద్దు అని ఒక్క మాట అనడానికి ఏం అడ్డం? ఏమీ లేదు. నాన్న పులి కాదు. బావ అయితే వెన్న. ఎవరూ నన్ను కట్టేయలేదు. అందరూ ఎంత ప్రేమగా ఉన్నారంటే, ఆ ప్రేమ మధ్యలో వద్దు అన్న మాట పెట్టడానికి చోటు దొరకలేదు. నాలుగు రోజుల కింద మాత్రం, పంజరంలో ఉండి ఉండి విసిగి, “ఇందులోంచి నేనే బయటికొచ్చేస్తే?” అన్నాను. బావ పగలబడి నవ్వి, “అదెక్కడుంది? నేనొచ్చి తలుపు తియ్యాల. నేన్రాకుండా నువ్వొచ్చీ, బండి నీదే. మావయ్యకి నేనే ఫోన్ సేసి అమ్మొద్దంతాను” అన్నాడు. పందెం. దానికి ఇవాళ రెండింటితో గడువు. ఫోన్ పైన మూలలో ఒంటిగంట ముప్ఫై ఒకటి.

పంజరంలో నాకు ఒకటే మీట ఉంది. పరుగు మీట తీసేశారు, గెంతు మీట తీసేశారు, వాటి బదులు పెద్ద గులాబీ రంగు గుండ్రం, దాని మీద పిలుపు అని రాసి ఉంటుంది. నొక్కితే రాకుమారి చెయ్యి పైకెత్తి ఊపి “త్వరగా రా, నన్ను కాపాడు!” అంటుంది. మన భాషలో ఎవరిచేతో ముక్కుతో చెప్పించారు. మొదటి రెండు రోజులు నవ్వొచ్చి నొక్కాను. మూడో రోజు నుంచి నొక్కడం మానేశాను, ఆత్మాభిమానం. ఇవాళ ఏమీ తోచక నొక్కాను. ఆవిడ చెయ్యి ఊపింది. ఆ ఊపుకి పంజరం వెంట్రుకవాసంత అటు జరిగి ఇటు వచ్చింది. ఎనిమిది రోజుల్లో చూడలేదు, లేదా చూసి ఊరుకున్నాను. మళ్ళీ నొక్కాను. అటు, ఇటు. గోడ మీద బల్లిలా నా ప్రాణమంతా అక్కడే అతుక్కుపోయింది. గొలుసు. గొలుసుకి వేలాడే పంజరం. ఊగుతోంది. ఊగేదాన్ని ఏమంటారే పిచ్చిమొహమా? ఉయ్యాల అంటారు. నాకు ఆరేళ్ళప్పుడు బారువ దగ్గర నానమ్మ వాళ్ళ తోటలో, పనస చెట్టుకి కొబ్బరిపీచు తాడు కట్టి, గోనెసంచి మడతేసి వేసిన ఉయ్యాల. పనసకాయలు నా తలకి తగిలేంత కిందికి, సముద్రం హోరు చెట్ల వెనక నుంచి, తొడల కింద గోనె గుచ్చుకుంటూ. ఎవరైనా ఊపండి అని ఏడుస్తుంటే మా నానమ్మ బొడ్డమ్మ, పక్కన కూర్చుని కొబ్బరాకు చీలుస్తూ తలెత్తకుండా, “ఊపండని ఎవుళ్ళని అడుగుతావే గుంటా? ఎనక్కెల్లినపుడు కాళ్ళు ముడు, ముందుకొచ్చినపుడు సాపు. అదే ఊగుతాది” అంది. ముడిచాను, చాపాను. మొదట జానెడు, తరవాత మూరెడు, తరవాత కొబ్బరిమట్టల మధ్య నీలంగా సముద్రం ముక్క కనిపించింది. కడుపులో చల్లగా ఏదో జారిపోయింది. ఎవరూ ఊపలేదు, నేనే.

కనుక ఎప్పుడు పడితే అప్పుడు నొక్కకూడదు. పంజరం వెనక్కి వెళ్ళి, ఆగి, ముందుకి తిరిగే ఆ చిటికెలో నొక్కాలి. ఒకటి. త్వరగా రా. రెండు. నన్ను కాపాడు. రావొద్దు బావా, అక్కడే ఉండు, ఇప్పుడు నువ్వొచ్చావంటే నా బండి పోతుంది, నేను పిలుస్తున్నది నిన్ను కాదు. మూడు. ఆయన అవతల ఐదో బల్ల దాకా వచ్చేశాడు, ఇవాళ బాగా ఆడుతున్నాడు ఖర్మ. “ఏటే, ఇన్నిసార్లు పిలుత్తన్నావు, వత్తన్నాను కదా!” అంటున్నాడు ప్రేమగా. ఏడు. ఎనిమిది. పంజరం ఇప్పుడు మూరెడు ఊగుతోంది, రాకుమారి చెంపలకి చేతులు ఆనించుకుంటోంది, ఆవిడ ఏమన్నా సరే, వేలు నాది. పది. లెక్క తప్పింది, ముందే నొక్కేశాను, ఊపు చచ్చింది, మళ్ళీ మొదటికి. ఒంటిగంట నలభై నాలుగు. వేలికి చెమట పట్టింది, లంగావోణీ చెంగుకి, అదే, నైటీ అంచుకి తుడుచుకున్నాను. ఊపిరి బిగపట్టకూడదు, ఊపిరితో కలిపి నొక్కాలి, వెనక్కి వెళ్తే పీల్చు, ముందుకొస్తే వదులు. ఫ్యాను చప్పుడు, వంటింట్లో అమ్మ మిక్సీ చప్పుడు, అన్నీ ఆ ఊపులో కలిసిపోయాయి. ఈసారి పది దాటాను. పదకొండు. పన్నెండు. పంజరం గోడ దగ్గరి రాతి స్తంభాన్ని ముద్దు పెట్టుకున్నంత తాకి వచ్చింది. పద్నాలుగు. టంగుమంది. పదిహేను, ఇంకా గట్టిగా టంగుమంది. పదహారు కొట్టేసరికి అడుగు ఊడిపోయింది.

ఊడిపోయింది! తలుపు తెరుచుకోలేదు, తాళం కదల్లేదు, అడుగున ఉన్న ఇనుప రేకు ఊడి గిరగిరా తిరుగుతూ లోయలోకి పోయింది. దాని వెనక నేను. నా గెంతు మీట తిరిగి వచ్చింది, పరుగు మీట తిరిగి వచ్చింది, తెర మీద గులాబీ గుండ్రం మాయమైంది. నొక్కాను, ఆకుపచ్చ లంగా గొడుగులా విచ్చుకుంది. దిగుతున్నాను. మబ్బుల పక్క నుంచి, కదిలే బల్లల పక్క నుంచి, ఐదో బల్ల అంచున వేళ్ళతో వేలాడుతున్న మా ఆయన పక్క నుంచి, దూదిలా, తొందర లేకుండా దిగుతున్నాను. చెవిలో ఊపిరి ఆగిపోయింది.

“నువ్వేటి ఇక్కడ?”

“దారిలో ఉన్నావు బావా, కొంచెం జరుగు.”

వంతెన మీద వాలాను. ఎదురుగా రాక్షసుడు. ఎనిమిది రోజులుగా బావని ఈగలా చరిచినవాడు. వాడు గద ఎత్తాడు, ఎత్తి, నన్ను దాటి, వేలాడుతున్న బావ వైపు చూశాడు. నేను వాడి ముక్కు ముందు అటూ ఇటూ నడిచాను. చూడలేదు. గెంతాను. చూడలేదు. అప్పుడర్థమై అరిచినంత పని చేశాను. ఈ ఆట రాసినవాళ్ళు ఈ వంతెన మీదికి రాకుమారి నడిచొస్తుందని అనుకోనే లేదు. వాడికి వీరుణ్ణి చూసే కళ్ళు పెట్టారు, నన్ను చూసే కళ్ళు పెట్టడం మర్చిపోయారు. నేను లేననుకున్న చోట నేను ఏమైనా చేయొచ్చు! పక్కనున్న మెట్ల మీదికి నింపాదిగా ఎక్కి, వాడి నెత్తి మీదికి దూకాను. ఒకటి. వాడు తికమకపడి బావనే వెతుకుతున్నాడు. మళ్ళీ ఎక్కి మళ్ళీ దూకాను. రెండు. జడ సర్దుకునే తీరిక కూడా ఉంది నాకు. మూడో దూకుడికి వాడు బీటలు వారి, కంకరై, వంతెన మీదంతా దొర్లిపోయాడు. నేను అంచుకి వెళ్ళి మీట నొక్కితే బల్ల పైకి లేచి, మా ఆయన్ని తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. బాకాలు ఊదారు. పూలు రాలాయి. తెర నిండా బంగారు అక్షరాలు, వీరుడు రాకుమారిని కాపాడాడు! వాటి కింద ఆవిడ సిగ్గుపడుతూ అతని చెంప మీద ముద్దు పెడుతోంది. చూశారా, వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఒక్క ముగింపే. నాకు నవ్వాగలేదు, ఇయర్‌ఫోన్‌లో బావకీ ఆగలేదు, ఇద్దరం రెండు ఊళ్ళల్లో పొట్టలు పట్టుకుని నవ్వాం. తరవాత ఆయన మెల్లగా, నవ్వు తుడుచుకుంటూ, “కాదే బాబూ. ఆల్లు రాసింది తప్పు. నేను సూసేను కదా” అన్నాడు. ఆ మాటకి నేను గచ్చు మీద వెల్లకిలా తిరిగి ఫ్యాను వైపు చేతులు చాపాను. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే ఆషాఢం ఏమయ్యేదో!

“ఉండు, మావయ్యకి ఫోన్ సేత్తాను. పందెం పందెమే” అన్నాడు.

సరే అనబోయాను. నాలిక చివరి దాకా వచ్చింది. వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడు, గేటు చప్పుడు, నాన్న “రండి రండి” అంటున్నాడు. బావ ఫోన్ చేస్తే నాన్న మోగగానే ఎత్తుతాడు, అల్లుడుగారు వద్దన్నారు అని చెప్తాడు, బండి ఉండిపోతుంది, అందరూ నవ్వుతారు. అది కూడా ఆ బంగారు అక్షరాలే కదా. వీరుడు బండిని కాపాడాడు.

“వద్దు బావా. నేనే చెప్తాను.”

వీధి వరండాలో సూర్యారావు గారు నా బండి మీద కూర్చుని ఉన్నారు. నా అద్దాన్ని తన మొహానికి సరిపడా తిప్పుకున్నారు. అది చూడగానే మిగిలిన భయం కూడా పోయింది. నాన్న చేతిలో కాగితం, పెన్ను. నానమ్మ అరుగు మీద చింతపిక్కలు తీస్తోంది. “నాన్నా, నేను సంతకం పెట్టను. బండి అమ్మను” అన్నాను. ఇంత చిన్న వాక్యం. పంతొమ్మిది రోజులు గొంతులో ఎక్కడ దాచుకున్నానో! నాన్న మొహం ఎర్రబడింది. “మాటిచ్చీసేనమ్మా. ఆయన అంత దూరం నుంచి వచ్చేరు. అల్లుడుగారు దింపుతానన్నారు కదా?”

“దింపనీ నాన్నా, ఆదివారాలు సరదాగా దింపుతాడు. స్కూలుకి నేను వెళ్తాను. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాది. కానీ అమ్మను.”

సూర్యారావు గారు బండి దిగలేదు. “పెళ్ళయిపోనాది కదమ్మా, ఇంకా నీకు బండేటి?” అన్నారు పెద్దమనిషిలా.

నానమ్మ చింతపిక్క పళ్ళెంలోకి విసిరింది. “నీకు పెళ్ళవలేదేటి సూర్యారావూ? నువ్వు బండెక్కి రాలేదేటి?”

ముందు నాన్నకే నవ్వొచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు, దగ్గలేక నవ్వాడు. సూర్యారావు గారు దిగి, మీసం కింద నవ్వుకుని, “మీ ఇంట్లో ఆడోళ్ళతో పడలేం బాబూ” అని అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. నాన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తాళం నా వైపు చాపి, “ముందే సెప్పొచ్చు కదే” అన్నాడు చిన్నగా. నిజమే నాన్నా. నేను తాళం తీసుకుని అద్దాన్ని నా మొహానికి తిప్పుకున్నాను. అప్పుడు అందులో కనిపించిన పిల్ల, చెదిరిన జుట్టుతో, చెంప మీద దిండు గీతలతో, ఎంత బాగుందంటే, ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం పాపం అనిపించింది. నైటీ మార్చుకుని వచ్చి హెల్మెట్ తగిలించుకుంటుంటే అమ్మ గుమ్మంలోంచి కేకేసింది, “ఎక్కడికే?”

“పలాస. ఫ్యాక్టరీకి.”

“ఆషాఢమే! అత్తోరి గడప తొక్కకూడదే!”

“ఫేట్రీకి గడపెక్కడిది?” అంది నానమ్మ మళ్ళీ చింతపండు మీదికి వంగుతూ. “సట్టరే కదా. ఎల్లనీ.”

హైవే ఎక్కాను. మబ్బు పట్టింది గానీ వాన లేదు. మూడు నెలలుగా వీపు చూస్తూ వెళ్ళిన దాన్ని, ఇప్పుడు దారి చూస్తున్నాను. దారి ఇంత వెడల్పుగా ఉంటుందా? రోడ్డు పక్క పనసకాయలు గుట్టలు పోసి అమ్ముతున్నవాళ్ళు, నాట్లకి తడిసిన మళ్ళు, దూరంగా కొండల మీద వాలిన మేఘం. నందిగాం దాటాక ఒక లారీ హారన్ కొట్టింది, నేనూ కొట్టాను, నాది చిన్న పీపీమంది, అయినా కొట్టాను. గాలి చున్నీని పట్టుకుని లాగుతుంటే బండి పక్కకి ఆపి చివరలు రెండూ కలిపి నడుం దగ్గర ముడేశాను, నాలుగు పూటల అన్నం పట్టే, సుఖంగా ఉండే నా నడుం. పాడాను కూడా. హెల్మెట్ లోపల పాడితే మన గొంతు మనకే ఎంత గొప్పగా వినిపిస్తుందో మీరెవరైనా చూశారా? పలాస మొదట్లోనే వేగిన జీడిగింజల వాసన మొహానికి కొట్టింది. మూడున్నర కాలేదు. ఫ్యాక్టరీ షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా కూర్చుని, చిన్న కత్తులతో పప్పు మీది పొర గీస్తూ, విరగని గుండ్లు ఒకవైపు, విరిగిన బద్దలు ఒకవైపు వేస్తున్నారు. నన్ను చూసి ముందు ఒక్క వేలు ఆగింది, తరవాత అన్ని వేళ్ళూ ఆగాయి. “కొత్త కోడలొచ్చీసిందిరో!” అని ఎవరో అన్నారు. బావ మేడ మెట్ల మీంచి మూడేసి మెట్లు దూకుతూ వచ్చాడు, చివరి మెట్టు తప్పి, గోడ పట్టుకుని ఆగాడు. నేను షట్టరు ఇవతల, ఇంజను ఆపకుండానే, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. ఇన్ని రోజులూ గొంతుతో కాపురం చేసి, ఒక్కసారి మొత్తం మనిషి కనపడితే ఎలా ఉంటుంది! చొక్కా గుండీ ఒకటి తప్పు బెజ్జంలో పెట్టుకున్నాడు. నేను లేకపోతే ఇంతే.

అప్పుడు ఆయన వెనక నుంచి మా అత్తగారు వచ్చారు. మధ్యాహ్నం పూట ఆవిడ ఊళ్ళోనే ఉంటారనుకున్నాను. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో గొడుగు, ఇంటికి వెళ్ళే బస్సు కోసం బయల్దేరినట్టున్నారు. షట్టరు దగ్గర ఆగి, నన్ను చూశారు, బండిని చూశారు, కొడుకుని చూశారు.

“అమ్మా, అది... నేనే...” అని బావ ముందుకొచ్చాడు, నన్ను కాపాడటానికి.

“నేనే వచ్చానత్తయ్యా” అన్నాను. “ఎవరూ రమ్మనలేదు. లోపలికి రాను.”

ఆవిడ షట్టరు కింద నుంచి వంగి, ఇవతలికి వచ్చి, గొడుగు కొడుకు చేతిలో పెట్టి, సంచి నా బండి ముందు కొక్కేనికి తగిలించారు. “సోంపేట బస్సు పావు తక్కువ నాలుక్కి. బస్టాండు కాడ దింపీ” అంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నా వెనక ఎక్కి కూర్చున్నారు. లోపల ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లున నవ్వారు. బావ గొడుగు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “మరి నేనో?” అన్నాడు పాపం.

“నువ్వుండు బావా. మళ్ళీ వచ్చి నిన్ను తీసుకెళ్తాను.”

బజార్లోకి తిరిగాం. అత్తగారి చెయ్యి మొదట బండి కమ్మీ పట్టుకుంది, తరవాత నా భుజం, మలుపులో నా నడుం. నేను ఆటోల మధ్య నుంచి జాగ్రత్తగా, నెమ్మదిగా, పెళ్ళి పీటల దగ్గరికి నడిపించినట్టు పోనిస్తుంటే, నా చెవి దగ్గరికి వంగి ఆవిడ అన్నారు.

“మా వోడూ ఇలాగే నిమ్మళంగా తోల్తాడు. ఇలగైతే బస్సెల్లిపోద్ది. కుసింత జోరుగా పోనీయే!”

పోనిచ్చాను.